చుట్టి పెట్టిన కేబుల్

చైనా యుద్ధం అయిన మరుసటి జూన్. పగలు పదకొండింటికి ఆర్మీ ట్రక్కు నన్ను ఉప్పుటేటి ఒడ్డున దించింది. చెక్క జెట్టీ, మూడు చెక్క లాంచీలు, రేకుల షెడ్డులో జనరేటర్. నెల్లూరుకు తూర్పున, మా ఇంటికి ఇరవై మైళ్లు. నేను సరిహద్దుకు పోలేదన్న సంతోషంతో మా అమ్మ చర్చిలో ప్రార్థన పెట్టించింది. "నీళ్ల కాడ కూచున్న సిపాయివి, నువ్వేం భయం చూసినావు?" అని మా ఊళ్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. చూశాను. చెప్తాను.

నేను ఎలక్ట్రీషియన్ని. కట్టేసిన లాంచీల్లో దీపాలకు, అడుగున ఊరే నీళ్లు తోడే పంపుకు షెడ్డు నుంచి కేబుల్ వేసి కరెంటు ఇచ్చేవాణ్ణి. ఒక్కో లాంచీలో నాలుగు పెట్రోలు పీపాలు. నిప్పు పుట్టకుండా చూడటం నా డ్యూటీ. గంటకోసారి ప్రతి ప్లగ్గునూ చేతి వెనకవైపుతో తాకి చూడాలి. ఉప్పుగాలికి పట్టిన చిలుమును కరెంటు ఆపి తుడవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మిగిలిన కేబుల్‌ను చుట్ట చుట్టకూడదు. కరెంటు పారే తీగను చుడితే వేడి బయటికి పోక లోలోపలే ఉడుకుతుంది.

ఒకటో లాంచీ నడిపే సరంగు మైపాడు మనిషి. నన్ను చూసి నవ్వేవాడు.

"నీళ్ల మీద ఉండాం గదా అబ్బయా, నిప్పుకి ఎందుకంత బెదురు?"

"నేల మీదైతే పరిగెత్తొచ్చు పెద్దాయనా. ఈడ యాడికి పోతావు?"

అక్టోబరులో ఇన్‌స్పెక్షన్. ఉదయం తొమ్మిదిన్నరకు మా సుబేదార్ జెట్టీ మీద పరుచుకున్న కేబుల్ చూసి మండిపడ్డాడు. "ఏంటయ్యా ఇది, పేగులు బయటపడ్డట్టు? చుట్టి పెట్టు."

"చుడితే కాలుతుంది సాబ్."

"పదింటికి పెద్ద సాబ్ వస్తారు. గంటకే కొంపలంటుకుపోవులే. చుట్టు."

ఆ పనిలో నేను గట్టివాణ్ణి. ఒక్క మెలిక లేకుండా ముప్పై గజాలు చుట్టి, ఒకటో లాంచీ పైన, కిందికి దిగే తలుపు పక్కన పెట్టి, టార్పాలిన్ కప్పాను. భయపడుతూనే చుట్టాను.

పదిన్నరైనా పెద్ద సాబ్ రాలేదు. రాత్రి కురిసిన వాన నీరు తోడుతూ పంపు ఆగకుండా నడుస్తోంది. సరంగు కింద, పీపాల పక్కన, నీళ్లు ఊరకుండా చెక్క సందుల్లో పీచు కూరుతున్నాడు. పది నలభైకి రబ్బరు కాలిన వాసన వచ్చింది. పక్క లాంచీలోని వైర్‌లెస్ ఆపరేటర్ అరిచాడు: "ఒకటో నంబర్లో పొగ!"

టార్పాలిన్ అంటుకుంది. తలుపు దగ్గరే మంట. ప్లగ్గు లాగబోయాను, కరిగి అతుక్కుపోయింది. స్విచ్ షెడ్డులో ఉంది, అరవై అడుగుల దూరం. లోపలి నుంచి "అబ్బయా! అబ్బయా!" అని కేక. నేను వెనక్కి తిరిగి పరిగెత్తాను. స్విచ్ కోసమే పరిగెత్తానని అందరికీ చెప్పాను. అబద్ధం. పీపాలు పేలతాయని పరిగెత్తాను. స్విచ్ దారిలో తగిలింది.

అది లాగి చూసేసరికి సరంగు మండుతున్న టార్పాలిన్‌ను వట్టి చేతులతో ఏట్లోకి తోసి, జెట్టీ మీద పడి ఉన్నాడు. ఆపరేటర్ ఇసుక బకెట్లు కుమ్మరిస్తున్నాడు. పీపాలు పేలలేదు. పాత కేబుల్ వల్ల ప్రమాదమని సుబేదార్ రిపోర్టు రాశాడు. నేనూ సంతకం పెట్టాను.

డిసెంబరులో బదిలీ అయింది. సెలవు మీద ఇంటికి పోతుంటే, నెల్లూరు బస్టాండులో సరంగు నేనెక్కిన బస్సు కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను పోతున్నానని విని ఆసుపత్రి నుంచి కట్లతోనే వచ్చాడు.

"నువ్వు పరిగెత్తి స్విచ్చి ఆపినావు గాబట్టి బతికినాను. నీ బిడ్డలు సల్లంగుండాల అబ్బయా."

చుట్టింది నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. "చేతులు జాగ్రత్త పెద్దాయనా" అన్నాను. బస్సు కదిలింది. ఆయన నాకు దండం పెట్టబోయాడు. కట్లు కట్టిన రెండు చేతులూ కలవలేక, జానెడు ఎడంగా, గాల్లోనే ఆగిపోయాయి. ఇప్పటికీ నాకు ఆ చేతులే కనిపిస్తాయి.