ఏం కాదులే

మా ఇల్లు గురజాల దగ్గర ఒక ఊరి చివర, మా మిరప తోటను ఆనుకుని ఉంటుంది. మా ఆయన మందు కొడుతుంటే పంపు మోత వంటింట్లోకి వినపడుతుంది. మోత వినపడినంతసేపూ మనిషి నిలబడి ఉన్నాడని అర్థం. ఆగిందంటే నా చేతిలో గరిటె ఆగిపోతుంది. ట్యాంకు నింపుకోవడానికే ఆపాడని తెలుసు. అయినా మళ్ళీ మొదలయ్యేదాకా ఊపిరాడదు. ఇది రాస్తుంటే కూడా ఒక చెవి అటే ఉంది.

ఈ భయం కిందటేడాది పట్టుకుంది. పురుగు ఆగడం లేదని నానా రకాల మందులూ ఒకే డ్రమ్ములో పోశాడు. కట్టె తెచ్చుకోవడానికి బద్ధకం. మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పాడు.

"ఏమయ్యా, అదేమన్నా మజ్జిగనుకున్నావా?" అని అరిచాను.

"ఏం కాదులేవే. మా నాయన ఇట్టాగే కలిపేవాడు."

సాయంత్రానికి వాంతులు, చెమటలు, నోట్లోంచి నురగ. నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయాం. గండం గడిచి కళ్ళు తెరిచాడో లేదో, "తోట ముడుచుకుపోద్ది మేడం, నన్ను పంపిచ్చెయ్యండి" అని డాక్టరమ్మకే చెప్పాడు.

ఆవిడ నా వైపు తిరిగి, "మీ ఆయన ఓవర్ ఆప్టిమిస్టిక్ అమ్మా" అంది.

మా అత్త ముఖం పాలిపోయింది. "ఇంకో జబ్బు కూడా ఉందా తల్లీ?"

జబ్బు కాదని, ఆశ మరీ ఎక్కువని డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తర్వాత ఫోనులో వెతికితే 'మితిమీరిన ఆశావాది' అని వచ్చింది. మా వైపు దాన్ని ధీమా అంటారు, అదీ మెచ్చుకుంటూ అంటారు. ధీమా లేనివాడు మిరప వెయ్యనే వెయ్యడు. అది ఎక్కడ దాటితే మితిమీరినట్టో చెప్పేవాళ్ళే లేరు.

డాక్టరమ్మ చెప్పిందని మంచి మాస్కు కొన్నాను. మహానుభావుడు దాన్ని ట్యాంకు మూతికి కట్టాడు, నీళ్ళలోని చెత్త లోపలికి పోయి నాజిల్‌కి అడ్డం పడకుండా! నాకు ఒళ్ళు మండిపోయింది. "నాజిల్ మీదున్న ప్రేమ నీ ముక్కు మీద లేదా?" అంటే, "ఏం కాదులే, గాలి అటుంది" అన్నాడు.

మొన్న ఆ గాలి ఇటు తిరిగింది. మోత ఆగింది. అన్నం వార్చాను, మళ్ళీ మొదలవలేదు. పిలిచాను, పలకలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గట్టు మీద కూలబడి ఉన్నాడు. వీపున పంపు అలాగే ఉంది, చేతులు వణుకుతున్నాయి. పట్టీలు ఊడదీసి పంపు దించాను.

ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఏం కాదులే అంటాడేమో, తిడదామని కాచుకుని ఉన్నాను. ఒక్కసారి అంటే చాలనిపించింది. అనలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏం కాదు గదే?" అని అడిగాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అలా అడగడం అదే మొదలు. నా భయమంతా కలిపినా ఆ ఒక్క ప్రశ్నలో ఉన్న భయమంత లేదు.

"ఏం కాదులే" అన్నాను.

ఆయన నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఆసుపత్రి నుంచి వచ్చి, ఇవాళ మళ్ళీ పంపు తగిలించుకుని తోటలోకి వెళ్ళాడు.