సీతయ్యకు తొడిగిన కోటు

మనిషి నిప్పును మచ్చిక చేసుకున్న రోజు ఏదో చరిత్రకు తెలియదు. బానోత్ దేవ్లా తన ల్యాప్‌టాప్‌ను మొదటిసారి చరిచిన రోజు మాత్రం టేకులపల్లి సెంటర్లో అందరికీ తెలుసు: రెండువేల ఎనిమిది, భద్రాచలంలో రాములవారి కళ్యాణం అయిన మర్నాడు. తెర నీలంగా మారి బిగుసుకుపోయింది. దేవ్లా అరచేత్తో ఎడమవైపు ఒక్కటిచ్చాడు. అది లేచి కూర్చుంది. ఆ క్షణాన ఒక శాస్త్రం పుట్టింది. అప్పటినుంచి ఆ చరుపు లేనిదే దేవ్లా ఫోటో స్టూడియోలో శుభకార్యమూ మొదలవలేదు, అశుభకార్యమూ మొదలవలేదు.

దేవ్లా తండాలో మేకలు కాసి, కెమెరా దాకా ఎదిగినవాడు. పెళ్లిళ్లు తీసేవాడు, పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాడు. కానీ ఆయన కీర్తి నిలబడింది చచ్చిపోయినవాళ్ల మీద. అడవి పల్లెల్లో ఎవరు పోయినా, ఉన్న ఫోటోలోంచి తల కోసి, నీలం కోటు, ఎర్ర టై తొడిగి, ముఖం కాస్త తెల్లబరిచి, వెనక హంసల చెరువు పెట్టి ఇచ్చేవాడు. ఆ చుట్టుపక్కల పోయిన పెద్దలంతా ఒకే కోటు వేసుకుని స్వర్గానికి వెళ్లారు.

ల్యాప్‌టాప్ అశ్వారావుపేట పామాయిల్ రైతు ఒకాయన వాడి వదిలేసినది. దాని జబ్బేమిటో కొత్తగూడెంలో రిపేర్లు చేసే వీరభద్రం విప్పి చూసి చెప్పాడు.

"మెమరీ ఖరాబైంది దేవ్లా. విడిగ ఉండేదైతే పీకి పారేద్దుము. ఇది బోర్డుకే టంకం పెట్టి ఉన్నది, రాదు. చిన్న పనులకు ఏం గాదు. పెద్ద ఫోటో తెరిచి, మార్చి, సేవ్ కొట్టినవనుకో, ఏం రాస్తదో దానికే తెల్వదు. అసలు ఫోటో ఇంకో కాపీ పక్కన పెట్టుకో."

దేవ్లా కాపీలు పెట్టుకోలేదు. ఖాళీగా ఉన్న గాడిలో ఇంకో కొత్త మెమరీ పెట్టించాడు. పుచ్చిన పన్ను పక్కన బంగారు పన్ను కట్టించినట్టయింది. నవ్వితే మెరిసేది, నమిలితే పాత నొప్పే.

మరుసటేడు వానాకాలంలో, లోపలి గూడెం నుంచి భీమక్క మరిది జోగయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త సీతయ్య జ్వరంతో పోయాడు. ఎల్లుండి దినం. ఇంట్లో సీతయ్య ముఖమన్నది లేదు. రేషన్ కార్డు మీదిది చూరు నీళ్లకు చెరిగిపోయింది. ఆ ఎండాకాలం బీడీలకు తునికాకు ఆరబెట్టే కల్లంలో కాంట్రాక్టరు కోసం ఫోటోలు తీస్తూ, దేవ్లా సీతయ్యది కూడా ఒకటి తీశాడు. కెమెరా కార్డు ఎప్పుడో ఖాళీ చేశాడు. ఇక లోకం మొత్తానికి మిగిలింది ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ ఒక్కటే.

దేవ్లా చరిచి తెరిచాడు. తలకు తువ్వాలు, చేతిలో ఆకు కట్ట, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ సీతయ్య వచ్చాడు. భీమక్క తెర మీద వేలు పెట్టింది.

"గిదే ఇయ్యన్నా. గిట్లనే ఇయ్యి."

"గోడకు పెట్టుకునే ఫోటోనా ఇది? కోటు ఏస్త."

"ఆయన కోటు ఎన్నడు తొడగలే."

"బతికున్నప్పుడు తొడగలే. ఇప్పుడేమన్న ఉక్కపోస్తదా?"

పాస్‌పోర్టు ఫోటోలకు కూర్చున్నవాళ్లు నవ్వారు. జోగయ్యా నవ్వాడు. "ఏయనియ్యి వదినా, మర్యాదగుంటది."

దేవ్లా తల కోశాడు, కోటు తొడిగాడు, టై బిగించాడు, నల్లటి మనిషిని గోధుమరంగుకు తెచ్చాడు, హంసలను వదిలాడు. అలవాటు ప్రకారం పాత ఫోటో మీదే సేవ్ కొట్టాడు. మూసి, మళ్లీ తెరిచాడు.

నుదురు దాకా సీతయ్య ఉన్నాడు. ఆ కింద అంతా ఆకుపచ్చ, గులాబి గీతలు.

దేవ్లా చరిచాడు. గీతలు అలాగే ఉన్నాయి. ఇంకాస్త గట్టిగా చరిచాడు.

"ఏందన్నా, ఆయనేడి?" అంది భీమక్క.

"మిషిన్ తిన్నదక్కా."

"మొదట్ల బాగుండె గద. అదియ్యి."

"మొదటిది లేదు. దాని మీదనే ఇది పడ్డది."

భీమక్కకు ఆ మాట అర్థమయ్యేలోపే దేవ్లా కెమెరా అందుకున్నాడు. మహానుభావులు ఓటమిని ఎక్కువసేపు చూడరు.

"జోగన్నా, గోడకు నిలబడు."

"నేనా? నేను సావలే గద!"

"ఎవలు సచ్చిండ్రని ఫోటోల రాస్తరా? ఒక్క తల్లి కడుపున పుట్టిండ్రు. నవ్వకు."

కోటు జోగయ్యకు అతికినట్టు సరిపోయింది. ఈసారి యంత్రం కూడా ఏ పేచీ పెట్టకుండా, ఒక్క గీతయినా లేకుండా ప్రింటిచ్చింది.

భీమక్క దాన్ని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఈన కాదు," అంది. "మా ఆయన ముక్కు గిట్లుండదు."

"కోటు ఏసినంక ముక్కెవలు జూస్తరక్కా?"

జోగయ్య ఫోటోను గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఎల్లుండికి ఏదో ఒకటి గోడ మీద ఉండాలి కదా అన్నాడు.

దినం నాడు దానికి దండ వేసి, ముందు అన్నం పెట్టారు. వచ్చినవాళ్లంతా కోటు బాగుందన్నారు. ఫోటో ఇప్పటికీ భీమక్క గోడ మీదే ఉంది. జోగయ్య ఇల్లు ఆ పక్కదే.