కలెక్టరూ రత్తమ్మా ఒకే రిజిస్టర్లో

ఒక కలెక్టరును ముక్కలు కోసి, పనికొచ్చే భాగం ఉడకబెట్టి, మిగిలింది గుంటలో పారేశామని రాసి, కింద సంతకం చేసి మరీ పై ఆఫీసుకు పంపిన మనిషి కృష్ణా జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. కంగారు పడకండి, జైలుకు పోలేదు. కానీ ఆ రోజు పోతాననే అనుకున్నాను.

ఎనభైల మొదట్లో మాట. నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాను. ఇరవై మూడేళ్ళు, బీఎస్సీ కెమిస్ట్రీ, చొక్కా జేబులో రెండు పెన్నులు. రెండోది ఎందుకంటారా? ఒక్కటే ఉంటే గుమస్తా అనుకుంటారని నా భయం.

ఫ్యాక్టరీలో మూడు రిజిస్టర్లు ఉండేవి. పండు బాగుందా, గుజ్జు తియ్యగా ఉందా అన్నది ఎర్ర అట్ట పుస్తకంలో నేను రాయాలి. తొక్కలు, టెంకలు, కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయో పచ్చ అట్ట పుస్తకంలో చెత్త గుంట చూసుకునే వెంకటేశ్వర్లు రాయాలి. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరికి ఆవిరి కొట్టింది అన్నది నీలం అట్ట పుస్తకంలో బాయిలర్ ఫోర్‌మన్ రాయాలి. ఒకరి పుస్తకం ఇంకొకరు ముట్టుకునేవారు కాదు.

ఒక సోమవారం పండ్లు ఏరే బల్ల దగ్గర రత్తమ్మ జారిపడింది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ రత్తమ్మే పెద్ద. పండును ముట్టుకోకుండా, అది దొర్లే తీరు చూసి ఎన్నాళ్ళకు ముగ్గుతుందో చెప్పేసేది. అలాంటి మనిషి మోకాలు చీరుకుపోయింది. ఆ సాయంత్రం నాకెందుకో కుతూహలం పుట్టి, మూడు పుస్తకాలూ తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాను. ఎర్రదాంట్లో 'పండ్లు చితికాయి'. పచ్చదాంట్లో 'కాలవ పూడింది, రసం నేల మీద నిలిచింది'. నీలందాంట్లో 'రత్తమ్మ జారిపడింది'. మూడూ ఒకే పూట, ఒకే బల్ల దగ్గర!

గ్రహణాలు ఎందుకొస్తాయో ప్రపంచంలో మొదట కనిపెట్టినవాడు కూడా అంత సంబరపడి ఉండడు. మేనేజరు గారి గదిలోకి పరిగెత్తాను.

"సార్, ఇవి మూడు సంగతులు కాదండి, ఒక్కటే!"

"ఏంటయ్యా ఒక్కటి?"

"పండ్లు చితికాయి కాబట్టి కాలవ పూడింది. కాలవ పూడింది కాబట్టి రత్తమ్మ పడింది. నాణ్యత, శుభ్రత, భద్రత, మూడూ కలిపి ఒకే రిజిస్టరు పెడదామండి."

ఆయన కళ్ళజోడు తీశారు. "అంటే రోజూ మూడు సంతకాలకు బదులు ఒక్కటి పెడితే చాలా?"

"చాలండి."

"అయితే కానివ్వు."

ఇప్పటికీ చెబుతున్నాను, ఆలోచన మంచిదే. చిక్కంతా నేను గీసిన గళ్ళలో ఉంది. 'పేరు', 'ఏమైంది', 'ఏం చేశాం' అని మూడే గళ్ళు గీశాను. పండు పేరైనా మనిషి పేరైనా మొదటి గడిలోనే. పై వరసలో ఉన్న మాటే మళ్ళీ రాయాల్సి వస్తే రెండు చిన్న గీతలు గీస్తే సరి.

ఇక మా వైపు తోతాపురి పండును కలెక్టర్ అంటాం. గుజ్జుకు ఎక్కువగా వాడేది అదే. చిన్నప్పటి నుంచీ నాకు కలెక్టరంటే ముందు పండు, ఆ తర్వాతే అధికారి.

ప్రారంభోత్సవంగా ఆ సోమవారం సంగతులతోనే కొత్త రిజిస్టరు మొదలుపెట్టాను. మొదటి వరసలో ఫోర్‌మన్ వేలు తెగిన సంగతి రాసి, 'టించరు వేసి కట్టు కట్టాం' అన్నాను. రెండో వరసలో రత్తమ్మ. ఆమెకూ టించరూ కట్టే కాబట్టి రెండు గీతలు. అంతా అయ్యాక కలెక్టర్ పండ్ల సంగతి మరిచిపోయానని గుర్తొచ్చింది. ఆ ఇద్దరి మధ్య కాస్త సందు కనిపిస్తే అందులో ఇరికించాను. వారం తిరిగేసరికి నకలు తీసి హైదరాబాదు ఆఫీసుకు పంపాను. మెచ్చుకుంటూ ఉత్తరం వస్తుందని ఎదురుచూశాను.

ఉత్తరం రాలేదు. టాక్సీలో భద్రతాధికారే వచ్చారు. సన్నటి మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మంచినీళ్ళిస్తే తాగలేదు. మా రిజిస్టరు తెప్పించుకుని మొదటి పేజీ తెరిచారు.

"ఇది రాసిందెవరు?"

"నేనేనండి," అన్నాను, దండ వేయించుకోవడానికి మెడ కాస్త ముందుకు చాచి.

"పైకి చదవండి."

"కలెక్టర్. దెబ్బ తగిలి మెత్తబడింది. ముక్కలు కోసి, మంచి భాగం ఉడకబెట్టి, మిగిలింది గుంటలో పారేశాం."

"తర్వాతి వరస?"

"రత్తమ్మ. జారిపడి మోకాలికి దెబ్బ..." మూడో గడిలో రెండు గీతలు కనిపించాయి. వాటి పైన ఏముందో చూశాను. రత్తమ్మనూ ముక్కలు కోసి ఉడకబెట్టేశామన్నట్టు ఉంది.

మేనేజరు గారు నా భుజం మీదుగా తొంగి చూసి, "ఓరి నాయనో!" అన్నారు.

"కలెక్టరంటే పండండీ! తోతాపురి!" అని అరిచాను.

"మరి రత్తమ్మ కూడా పండేనా?"

"కాదండి, మనిషే."

"అయితే ఆ మనిషిని నాకు చూపించండి. చూపించలేకపోతే ఈ పూటే ఫ్యాక్టరీ ఆపించి విచారణ పెట్టిస్తాను."

సీజను మధ్యలో ఫ్యాక్టరీ ఆగితే పండు ఆగదు. గుట్టలు గుట్టలుగా కుళ్ళిపోతుంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ ఏడాదికి దొరికేది ఆ కొద్ది వారాల పనే. నా రెండు గీతలు వాళ్ళందరి నోటి దగ్గర కూడు లాగేసేలా ఉన్నాయి.

ముగ్గురం ఏరే బల్ల దగ్గరికి పరిగెత్తాం.

"రత్తమ్మ ఏదమ్మా?" అని అధికారి అడిగారు.

"గుంట కాడుందండి," అంది ఒకామె తలెత్తకుండా.

"గుంట దగ్గరికా? ఎవరు పంపారు?"

"సూపర్‌వైజరు గారేనండి."

అబద్ధం కాదు. మోకాలు నొప్పిగా ఉందంటే, కూర్చుని చేసే పని అని నేనే అక్కడికి మార్చాను. ఆ ముక్క చెప్పబోతే అధికారి వినిపించుకోలేదు.

గుంట దగ్గర వెంకటేశ్వర్లు ఖాళీ తట్ట పట్టుకుని చెమట తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని చూడగానే, అడక్కముందే, "అయిపోయిందండి! వాసన రాకుండా ఇప్పుడే సున్నం చల్లేశాను," అన్నాడు హుషారుగా.

అధికారి పక్కనున్న స్తంభం పట్టుకున్నారు. నేను మేనేజరు గారిని పట్టుకున్నాను.

అంతలో షెడ్డు వెనక నుంచి, "ఎవరండీ నా కోసం?" అంటూ సద్దిగిన్నె చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ రత్తమ్మ వచ్చింది. ఆవిణ్ణి చూసి అంత ఆనందపడిన మగవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా ఉండరు.

అధికారి అక్కడే ఒక బుట్ట బోర్లించి కూలబడ్డారు. నేను రాసింది ఆయనే ఆవిడకు చదివి వినిపించారు. రత్తమ్మ నవ్వి నవ్వి మోకాలు పట్టుకుంది.

"అది సరే బాబూ, నేనెందుకు పడ్డానో రాశారా?" అంది నాతో.

"రసం మీద కాలేసి."

"రసం ఎందుకొచ్చింది?"

"పండ్లు చితికి."

"పండ్లెందుకు చితికాయి?"

నేను అధికారి చేతిలోని రిజిస్టరు వైపు చూశాను. మూడు పుస్తకాలు కలిపానే గానీ, ఆ ప్రశ్న ఒక్కదాంట్లోనూ లేదు.

"బుట్టలు బల్ల దాకా మోస్తే చితకవు. దారి లేక గుమ్మం కాడి నుంచే పండ్లు విసురుతున్నారు," అంది రత్తమ్మ.

"దారి ఎందుకు లేదమ్మా?" అని అధికారి ముందుకు వంగి అడిగారు.

"పండ్లు పరీక్ష చేసే బల్ల తెచ్చి గుమ్మానికడ్డంగా వేయించారు కదండీ. వచ్చేపోయేవాళ్ళకు కనపడేలా దాని ముందు కూర్చుంటారు."

"ఎవరు?"

వెంకటేశ్వర్లు, మేనేజరు గారు, రత్తమ్మ ఒక్కసారే నా వైపు చూశారు.

అధికారి రిజిస్టరు నా చేతికిచ్చారు. "పుస్తకం ఒకటే ఉండనివ్వండి. కానీ ఈవిడ చెబితేనే మీరు రాయండి. మొదలుపెట్టండి. పేరు?"

"సూపర్‌వైజరు గారు," అంది రత్తమ్మ.

"ఏమైంది?"

"దారికడ్డం."

"ఏం చేశాం?"

"తీసి గోడవార పెట్టాం."

నా చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో, నేనే రాశాను. ఆ తర్వాత అందరం వెనక్కి వచ్చాక, గుమ్మంలో నిలబడి, మేనేజరు గారు కోయించిన కలెక్టరు ముక్కను కుడిచేత పట్టుకుని, అందరి ఎదుటా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎన్ని పుస్తకాలైనా కలుపుతాను గానీ, నేను ఎక్కడ కూర్చున్నానో ముందు చూసుకోకుండా ఒక్క గీత కూడా గియ్యను.

ప్రమాణం పూర్తయ్యేదాకా ఆగి, రత్తమ్మ అంది, "కాస్త జరగండి బాబూ, బుట్టలొస్తున్నాయి."