ఆంటీ కాలి పుండు
సికింద్రాబాద్‌లో ఇంటికో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తయారవుతున్న రోజులవి. సీతాఫల్‌మండిలో మేం అద్దెకున్న వీధిలో నేనొక్కదాన్నే పుళ్ళ మీద పరిశోధన చేసేదాన్ని. షుగరున్నవాళ్ళ కాలి పుళ్ళు నెలల తరబడి ఎందుకు మానవో తెలుసుకోవడం మా ల్యాబు పని.

కింది వాటాలో ఉండే ఓనరు ఆంటీ బట్టలు కుట్టేది. ఆమెకూ షుగరుంది. కాలి బొటనవేలి కింద పుండు పడి ఏడాది దాటింది. ఓ సాయంత్రం కట్టు విప్పి చూపించింది.

"జెర చెప్పు బిడ్డా, గిది ఎందుకు మానుతలేదు?"

"మన జన్యువులన్నీ ఎప్పుడూ పనిచెయ్యవు ఆంటీ. దెబ్బ తగలగానే కొన్ని మేలుకుని వాపు, మంట తెస్తాయి, క్రిముల్ని తరమడానికి. అవి సద్దుమణిగాక కొత్త చర్మం అల్లేవి మేలుకోవాలి. పాత పుండులో మొదటివి సద్దుమణగవు."

"అంటే నా కాలు ఆడ్నే ఆగిపోయింది."

మా ల్యాబుతో కలిసి పనిచేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చచ్చిన కండ తీసి, కుట్టు మిషన్ తొక్కొద్దన్నాడు. పుండు అంచు నుంచి చిన్న ముక్క పరిశోధనకు ఇస్తారా అని అడిగి, ఇవ్వకపోయినా వైద్యం ఆగదన్నాడు.

"తీస్కోండ్రి సార్. ఇంకొకలకన్న పనికొస్తది" అంది ఆంటీ.

ఆమె హుక్కులు, గుండీలు చేత్తో కుట్టుకుంటూ కాలికి విశ్రాంతి ఇచ్చింది. మందులు మానలేదు. పుండు చుట్టూ గులాబీరంగు చర్మం కనిపించాక, రెండో ముక్క కూడా ఇచ్చింది.

రెంటినీ పక్కపక్కనే పరీక్షించాం. జన్యువు ఎంత ఎక్కువ పనిచేస్తుంటే, పరీక్షలో దాని గీత అంత వెలుగుతుంది. మొదటిదాంట్లో మంట తెచ్చే జన్యువు గీత తెల్లగా వెలిగిపోతోంది. రెండోదాంట్లో అది మసకబారి, చర్మం అల్లే జన్యువు గీత తేటగా కనిపించింది. చదువుకున్న మాట నాకు తెలిసిన మనిషి కాలిలో నిజం కావడం చూసి ఒళ్ళు పులకరించింది. పుండును మాన్పింది మా పరిశోధన కాదు, వైద్యమూ ఆమె ఓపికా. అయినా మానడమంటే లోపల ఏం జరుగుతుందో నా కళ్ళతో చూశాను.

ఆంటీ ఆఖరిసారి చూపించుకోవడానికి వెళ్తుంటే నేనూ తోడు వెళ్ళినప్పుడు, ఆస్పత్రి బెంచీ మీద మెట్టుగూడ నుంచి వచ్చిన ఒకావిడ తన పుండు ముక్క ఇవ్వడానికి భయపడుతోంది. నేను నోరు తెరిచేలోపే ఆంటీ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"పరేషాన్ గాకు అక్కా. పుండ్ల కత్తిరించేటియి, కుట్టేటియి రెండు తీర్ల ఉంటయి. కత్తిరించుడు బందైతెనే కుట్టుడు షురూ అయితది. అది ఎందుకు బందైతలేదో మా బిడ్డ చూస్తున్నది."

అంత తేలిగ్గా నేనెప్పుడూ చెప్పలేదు. ఆవిడ నా వైపు చూసి, మెల్లగా కట్టు విప్పుకోసాగింది. ఆ బెంచీ ముందు నేను గర్వంతో నిలబడిపోయాను.