మాసయ్య, మత్తుసూది తుపాకి

మన్ననూర్ అటవీ కార్యాలయంలో మత్తుసూది తుపాకి ఒక్కటే ఉండేది. దాని మర్మం ఎరిగినవాడు వాచరు మాసయ్య ఒక్కడే. ఆత్మకూరులో ఇరవై ఏళ్లు కిరసనాయిలు స్టౌలు, పెట్రోమాక్స్ దీపాలు బాగుచేసిన చేయి అతనిది. ఇంటింటికీ గ్యాసు పొయ్యి వచ్చి కొట్టు మూతపడింది. ఆ ఏడే భార్య జమ్ములమ్మ కన్నుమూసింది. అడవి అంచున కొలువు దొరకగా వచ్చి చేరాడు. గాలిని బంధించి, కావలసినంతే విడిచే యంత్రాలన్నీ అతనికి ఒకే వంశానివిగా తోచేవి.

ఈ తుపాకిలో మందుగుండు ఉండదు. చిన్న సిలిండరులోని గ్యాసే సూదిని తోస్తుంది. దూరాన్ని బట్టి మర తిప్పి, మీటరు ముల్లు చూసి ఒత్తిడి నిర్ణయించాలి. తక్కువైతే సూది బొచ్చుకు తగిలి రాలిపోతుంది. ఎక్కువైతే కండను చీల్చి ఎముకను విరుస్తుంది. ప్రాణం తీసే అస్త్రం కన్నా ప్రాణం నిలిపే అస్త్రాన్ని సంధించడమే కఠినమని ఏ శాస్త్రమూ చదవకుండానే అతడు గ్రహించాడు. పేల్చే అధికారం పశువైద్యుడు భానుప్రకాశ్‌ది. సిద్ధం చేసి అందించడం మాసయ్య విధి.

ఆ పని ఏడాదికి రెండు రోజులు. మిగిలినదంతా మౌనమే. వనంలో ఏకాంతం మునులకు తపస్సు కావచ్చు. సంసారం చేసి వచ్చినవాడికి అది శిక్ష. మూడేళ్ల క్రితం ఒక సాయంత్రం, చెవి చిరిగిన ఆడ ఎలుగుబంటి అతని పెరటిలోని ఇప్పపూలు తిని పోయింది. పూల కాలం ముగిసింది, అది రావడం మానింది. మరుసటి ఏడు నుంచి మాసయ్య పూలు ఎండబెట్టి బస్తాలో దాచి, రోజూ దోసెడు పెరట్లో పోయసాగాడు. అది తింటుంటే కిటికీ వెనుక నిలిచి ఆ రోజు సంగతులు దానికి చెప్పేవాడు. వన్యమృగాలకు తిండి పెట్టరాదన్న హెచ్చరిక కార్యాలయం గోడమీద ఉంది. ఏటా ఆ అక్షరాలకు రంగు వేసేవాడు అతడే.

రెండువేల ఆరు వైశాఖంలో ఒక ఉదయం తోటి వాచరు బక్కయ్య పరుగున వచ్చాడు.

"మామా, లే! అడవిపందులకు పెట్టిన ఉచ్చుల గుడ్డెలుగు పడ్డది. గదే, చెవి చినిగింది."

మాసయ్య తుపాకి పెట్టె తీసుకుని ఉచ్చున్న చేను చేరేసరికి డాక్టరు జీపు వచ్చి ఉంది. మాసయ్య సిలిండరుకు తడిగుడ్డ చుట్టాడు.

"ఏంది మామా, తుపాకికి తానం పోస్తున్నవ్? లగ్గం జేస్తవా?"

"నవ్వకురా. ఎండకు గ్యాసు ఉబ్బుతది. ఇప్పుడు పెట్టిన ఒత్తిడి జరసేపటికి ఉండదు."

"ఇరవై గజాలుంది, బొచ్చు మందం. ఒత్తిడి పెంచు మాసయ్యా," అన్నాడు డాక్టరు.

"వద్దు సార్. బొచ్చే మందం, కండ పల్చన. ఎడమ తొడకు పాత దెబ్బ ఉన్నది. తగ్గించి కుడి తొడకు కొట్టుండ్రి."

"నీకెట్ల తెల్సు?"

మాసయ్య పొట్టు నింపిన గోనెసంచిని అంతే దూరాన నిలబెట్టి, ఒత్తిడి తగ్గించి, గురి సరిచూసేందుకు మందు బదులు నీళ్లు నింపిన సూది ఎక్కించి ఇచ్చాడు. డాక్టరు ట్రిగ్గరును గబుక్కున లాగాడు. సూది జానెడు పైనుంచి పోయింది. మాసయ్య ట్రిగ్గరు మరను అరచుట్టు బిగించాడు.

"ఇప్పుడు నడుమ ఒక అడ్డం తగుల్తది సార్. ఆడ ఆగి, ఊపిరి బిగబట్టి మెల్లగ గుంజుండ్రి."

రెండో సూది సంచిలో సరిగ్గా దిగింది. మూడోది మందు నింపినది. అది కుడి తొడలో నాటుకుంది. ఎలుగుబంటి ఉచ్చు తీగను రెండుసార్లు గుంజి, కాసేపటికి మెల్లగా ఒరిగింది.

తీగ కోసి, పాదానికి కట్టు కట్టాక డాక్టరు చేతులు తుడుచుకున్నాడు. "గాయం చిన్నదే. ఈడనే ఇడిసిపెట్టొచ్చు. మనుషుల తిండికి అలవాటు పడ్డదైతే మాత్రం దూరం, లోపలి అడవికి తోలాలె. ఎవ్వరన్న పెట్టిండ్రా?"

"దీన్ని జూస్తెనే ఉరుకుతరు సార్, తిండెవడు పెడ్తడు?" బక్కయ్య నవ్వాడు.

ఆ మాట చాలు. మాసయ్య ఊరకుంటే అది అక్కడే ఉంటుంది. కాలు మానాక పెరటికీ వస్తుంది. అతడు ఉచ్చు ఉన్న చోటును చూశాడు. అది అడవి నుంచి అతని ఇంటికి వచ్చే దారి.

"నేనే పెట్టిన సార్. ఇప్పపూలు. రెండేండ్ల సంది."

బక్కయ్య నవ్వు ఆగిపోయింది. డాక్టరు అతనివైపు తిరిగాడు.

"గోడ మీద రాసేటోనివి నువ్వే గద మాసయ్యా. ఎందుకు పెట్టినవ్?"

"మాట్లాడెటందుకు ఎవ్వరు లేకుండిరి సార్."

వలలో చుట్టి, జీపు డ్రైవరుతో కలిసి నలుగురూ జీపులోకి ఎత్తారు. తల వైపు మాసయ్య పట్టుకున్నాడు. మూడేళ్లలో దానిని తాకడం అదే మొదలు. వెచ్చని ఊపిరి మణికట్టుకు తగిలింది.

"విరుగుడు సూది ఇస్తే లేస్తది. నువ్వు గూడ బండెక్కు," అన్నాడు డాక్టరు.

"వద్దు సార్. కండ్లు తెరిస్తే దానికి నేను కనపడొద్దు."

జీపు మలుపు తిరిగింది. మాసయ్య చేను గట్టున వంగి, పొదల్లో మిగిలిన ఉచ్చులను వెతికి విప్పసాగాడు. ఏడు దొరికాయి. ఎనిమిదోది వెతుకుతుండగా ఎండ నడినెత్తికి వచ్చింది.