చక్రం కింద రాయి

క్వారీ కూలీలకు మధ్యాహ్నం భోజనాలు మోసుకెళ్ళే ఆవిడను అందరూ జీపమ్మ అంటారు. భర్త చనిపోయిన ఏడాది ఆయన పాత జీపు స్టీరింగు పట్టింది, ఇంతవరకూ వదల్లేదు. ఆ బండికి తలుపుల్లేవు. హారన్ తప్ప అన్నీ మోగుతాయి. హ్యాండ్‌బ్రేకు ఎప్పుడో చచ్చింది కనుక ఆపిన చోటల్లా చక్రం కింద రాయి పెట్టాల్సిందే. కొడుకు చిన్నప్పుడు ఆ పని వాడిదే. బండి పూర్తిగా ఆగకముందే రాయి పట్టుకుని దూకేవాడు.

వాడిప్పుడు మేనేజరు. నల్లగా నిగనిగలాడే సెడాన్ కారు కొన్నాడు. అది దానంతటదే బ్రేకు వేసుకుంటుందట, సీటు వీపు కూడా పిసుకుతుందట. మొదటిసారి అమ్మనే నడపమన్నాడు. ఆమె వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, వాకిట్లో ఆపి, అలవాటు కొద్దీ దిగి చక్రం కింద రాయి పెట్టింది. కారు చూడ్డానికి వచ్చిన ఆఫీసు స్నేహితులు పగలబడి నవ్వారు. వాడికి తల కొట్టేసినట్టయింది.

వాళ్ళు వెళ్ళగానే మొదలుపెట్టాడు. "జీపు అమ్మేద్దామమ్మా. రేపు పొద్దున్నే మనిషొస్తాడు."

"నన్నడిగావా?"

"ఈ వయసులో ఆ డొక్కుతో కుస్తీ ఎందుకు? డ్రైవర్ని పెడతాను. కార్లో కాలు మీద కాలేసుకుని కూర్చో."

"అందులో నన్ను ఎవరో తీసుకెళ్ళాలి. ఇందులో నేనే వెళ్తాను. అది నీకెక్కడ తెలుస్తుందిలే."

కూర్చోబెట్టి మేపుతానంటే మురిసిపోయే రకమా ఆమె? ఒళ్ళు మండిపోయింది. తెల్లారగానే జీపును గేటుకు అడ్డంగా నిలిపి, రాయి పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. సెడాన్ లోపల ఇరుక్కుపోయింది. కొనడానికొచ్చిన మనిషి ఆమె ముఖం చూసి, ఈ గొడవ మనకెందుకులే అని జారుకున్నాడు.

కొడుకు టై సర్దుకుంటూ వచ్చాడు. "మీటింగుందమ్మా. జీపు తియ్యి."

"జీపు అమ్మనని చెప్పు, తీస్తాను."

"ఏంటమ్మా ఈ మొండితనం?"

"ఈ మొండితనమే లేకపోతే నీ మెడకు ఆ టై ఉండేదా? ఎక్కు, దింపుతాను."

వాడు వాచీ చూసుకున్నాడు, కారు చూసుకున్నాడు, గత్యంతరం లేక ఎక్కాడు. దారి పొడవునా వెనక ఖాళీ గిన్నెలే పోట్లాడుకున్నాయి. కన్నకొడుకు నోటి వెంటే తన బండి అమ్మకం మాట వినాల్సి వచ్చిందన్న కసికొద్దీ జీపమ్మ ఒక్క గుంతనూ తప్పించలేదు.

ఆఫీసు ముందు రోడ్డు ఏటవాలు. మెట్ల మీద ఆ నవ్విన స్నేహితులే నిలబడి ఉన్నారు. జీపు పూర్తిగా ఆగనైనా లేదు, కొడుకు కాళ్ళ దగ్గరి రాయి తీసుకుని దూకి చక్రం కిందికి తోశాడు. తోశాక గాని వాడికి తెలియలేదు, తానేం చేశాడో.

ఎవరో కిసుక్కుమన్నారు. వాడు మట్టి చేతులు ఇస్త్రీ ప్యాంటుకే తుడుచుకుని, వాళ్ళ వైపు తిరిగాడు.

"మా అమ్మ బండి," అన్నాడు.

జీపమ్మ గేరు మీద చెయ్యి వేసింది.

"రాయి తియ్యి మరి. నాకు బోలెడు పనుంది."