సగమయ్యేదాకా కాచిన నీళ్ళు

మొన్న గద్వాలలో ఎరువుల దుకాణం ముందు మా ఆయన మిరపతోట డ్రిప్పుకు బస్తాలు ఎత్తించుకుంటుంటే, వాటి మీద కాల్షియం నైట్రేట్ అన్న పేరు చదివి నేను ఆటో దగ్గరే ఆగిపోయాను. ఎప్పుడో మాటలు మానేసిన చుట్టం పెళ్ళిపందిట్లో ఎదురుపడితే ఎట్లా ఉంటుందో, ఆ నైట్రేట్ అన్న మాట కనబడితే నాకు అట్లా ఉంటుంది. పలకరించాలో, మొహం తిప్పుకోవాలో తోచదు. అది నాకు మొదటిసారి పరిచయమైనప్పుడు నా బిడ్డకు మూడో నెల నడుస్తున్నది.

మానవపాడు దగ్గర మా అత్తగారి ఊళ్ళో, ఇంటి పెరట్లోనే బావి, దాన్ని ఆనుకుని పెంటకుప్ప ఉండేవి. ఆ నీళ్ళు పోస్తే వంగచెట్లు ఏ మందూ లేకుండా నల్లగా, ఏపుగా పెరిగేవి. అత్తమ్మ వచ్చినవాళ్ళందరికీ వాటిని చూపించి, మా నీళ్ళలోనే బలముందని చెప్పుకునేది. బలం ఉన్న మాట నిజమే, అదే మా కొంప ముంచింది. జ్వరాలొచ్చి నాకు పాలు తగ్గిపోతే బిడ్డకు డబ్బాపాలు మొదలుపెట్టాం. వాటిని కలిపే పని అత్తమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. చంటిపిల్లల నీళ్ళు సగమయ్యేదాకా కాగాలని ఆమె పట్టుదల. పొద్దున్నే కట్టెలపొయ్యి మీద గిన్నె పెట్టి, ముందు పీట వేసుకుని కూర్చునేది. నేను తొందరపడి దించబోతే చేతిమీద ఒకటి వేసేది. దేవుడి ముందు కూడా అంత శ్రద్ధగా కూర్చోగా నేను చూడలేదు.

కొన్నాళ్ళకు బిడ్డ పెదవులు, గోళ్ళు నీలంగా మారాయి. చూసినవాళ్ళు దిష్టి అన్నారు, చలిగాలి అన్నారు. అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి, ఆ రోజు నీళ్ళు ఇంకాసేపు మరిగించింది. సాయంత్రానికి బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక వేలాడిపోతుంటే జీపు మాట్లాడుకుని గద్వాల దవాఖానకు పరుగెత్తాం. నా బిడ్డ నాకు దక్కదేమోనని దారి పొడవునా భయపడ్డాను.

డాక్టరమ్మ తీసిన రక్తం ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. బావి పక్కన ఏముందని అడిగింది. నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రేట్ అవుతుందని, దాన్ని తినే పైరు పచ్చబడుతుందని, ఎరువులోనే కాదు, టపాకాయల్లోనూ బండలు పేల్చే మందులోనూ ఉంటుందని, మా పెంటకుప్పలోంచి వానకు దిగి బావిలో చేరిందని చెప్పింది. పెద్దవాళ్ళం తట్టుకుంటాం గానీ, పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుందట. అత్తమ్మకు ఇవేవీ ఎక్కలేదు. నీళ్ళు సగమయ్యేదాకా కాచి ఇచ్చానని గట్టిగా వాదించింది. డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"అవ్వా, చారు ఎక్కువ మరిగితే ఏమైతది?"

"ఉప్పగైతది," అంది అత్తమ్మ. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు, నైట్రేటూ పోదు. జీవితమంతా చారు కాచిన మనిషికి ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అక్కడే నేలమీద కూలబడింది.

నీలంబడ్డ పిల్లకు నీలం మందే సూదితో ఎక్కించారు. చూస్తుండగానే పెదవులు ఎర్రబడ్డాయి. ఇంటికొచ్చాక మా ఆయన పెంటను చేనుగట్టుకు మార్చాడు. తాగే నీళ్ళు ఊరిబయటి బోరు నుంచి, పరీక్ష చేయించి తెచ్చుకున్నాం. అత్తమ్మ మాత్రం పాలసీసా ముట్టలేదు. బిడ్డ ఏడుపు వినబడితే లేచి కొట్టంలోకి పోయేది. నాకు ఆమె మీద కోపం రాలేదని చెప్పను, వచ్చింది. కానీ గడప అవతల నిలబడి బిడ్డను చూసే ఆమెను చూస్తే ఆ కోపం నిలిచేది కాదు. ఒకరోజు కావాలనే రొట్టెలపిండిలో చేతులు పెట్టి పిలిచాను.

"అత్తమ్మా, బిడ్డకు జర పాలు కలుపు."

"నాతోని గాదు బిడ్డా. ఈ చేతులు మంచియి గావు."

"ఆ చేతులే గావాలె," అన్నాను.

చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి, బోరునీళ్ళు పొయ్యి మీద పెట్టింది. బుడగలు లేచి తెర్లగానే దించి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ బిడ్డ ఇప్పుడు వనపర్తిలో తన పసివాడికి నీళ్ళు పెట్టి, తెర్లగానే దించుతుంది. నేర్పింది నానమ్మే. కాలం కూడా మనల్ని సన్నటి సెగ మీద కాస్తూనే ఉంటుంది. ఆనాటి భయం, కోపం ఎప్పుడో ఆవిరైపోయాయి. పొయ్యి ముందు పీట మీద కూర్చున్న అత్తమ్మ మాత్రం నాలో ఏటికేడు చిక్కబడుతూనే ఉంది.